గుమ్మం పట్టని బీరువా

ఆసుపత్రిలో ఆమెను చూసినవాళ్ళకన్నా విన్నవాళ్ళే ఎక్కువ. మెట్ల కింద కిటికీ లేని చిన్న గదిలో, టెలిఫోన్ బోర్డు ముందు ఇరవై ఎనిమిదేళ్ళు కూర్చుంది. "హలో, ఆసుపత్రి" అనే ఆ రెండు మాటలు ఎలా పలికేదో గానీ, అవతల ఏడుస్తున్నవాళ్ళు కూడా కాసేపు ఏడుపు దిగమింగుకుని సంగతేమిటో చెప్పేవారు. డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరికీ ఆమె ఆపరేటరమ్మ.

ఆమెకు ఒక నియమం ఉండేది. ఎవరికైనా కబురు వస్తే చిన్న కాగితం మీద రాసుకునేది. కబురు అందాక దాని మీద టిక్కు పెట్టేది. టిక్కు పడని కాగితం బల్ల మీద ఉండగా ఇంటికి వెళ్ళేది కాదు. ఒకసారి పెద్ద వానకు లైన్లు చచ్చిపోతే, వాచ్‌మన్‌ను బోర్డు ముందు కూర్చోబెట్టి, చెప్పులు చేత పట్టుకుని నాలుగంతస్తులు ఎక్కి మరీ ఒక డాక్టరుకు కబురందించి వచ్చింది. ఆ తర్వాత ఆసుపత్రిలో ఎవరికి ఏ అనుమానం వచ్చినా "ఆపరేటరమ్మకు చెప్పారా? అయితే చేరినట్టే" అనుకునేవారు.

ఆమె భర్త వడ్రంగి. పెద్దమేస్త్రి అంటే ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో తెలియనివారు లేరు. ఉద్యోగం నుంచి ఆమె దిగిపోయిన ఏడాదే ఆయన కూడా షాపు మూసేశాడు. కళ్ళు మసకబారాయి. గీసిన గీత ఒకచోట, రంపం నడిచేది మరోచోట. "చెక్కను పాడుచేసే హక్కు నాకు లేదు" అని తాళం వేసి వచ్చేశాడు. కళ్ళు చూపించుకోమని ఆమె చెబితే "చూద్దాంలే" అనేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళు డాక్టర్లతో మాట్లాడిన మనిషి ఒక్క మొగుణ్ణి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేకపోయింది.

ఇద్దరి సంపాదనా ఆగాక, రెండో అంతస్తులోని మూడు గదుల వాటా వాళ్ళకు బరువైపోయింది. కూతురు పెళ్ళి చేసుకుని వెళ్ళాక ఒక గది ఊరికే పడి ఉంటోంది కూడా. బస్సు చివరి స్టాపుకు దగ్గర్లో, కింది అంతస్తులో, అద్దె బాగా తక్కువున్న రెండు గదుల ఇల్లు చూసుకున్నారు. ఖాళీ చేయడానికి నెల గడువుంది.

"నెలంటే బోలెడు" అన్నాడు పెద్దమేస్త్రి.

"మీకేం, కుర్చీలోంచి లేవకపోతే నెలేమిటి, ఏడాదైనా బోలెడే" అంది ఆపరేటరమ్మ, నడుముకు తువ్వాలు బిగించి.

హాల్లో మూడు కుప్పలు పెట్టింది. తీసుకెళ్ళేవి, ఇచ్చేసేవి, తేల్చుకోలేనివి. మొదటి రోజు సాయంత్రానికి మూడో కుప్ప మొదటి రెండింటినీ మింగేసేలా పెరిగింది. మూతలు లేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు. తొమ్మిది గొడుగులు ఉంటే తెరుచుకునేవి మూడు. ఏ ఫోనువో తెలియని చార్జర్లు ఒక సంచీడు. కూతురు అయిదో తరగతిలో చేసిన అట్టముక్కల ఇల్లు, పైకప్పు ఎప్పుడో ఊడిపోయింది. వాడని గిన్నెలు, రెండు చిల్లుల బకెట్టు, ఎవరో బహుమతిగా ఇచ్చిన గోడ గడియారాలు నాలుగు. నాలుగూ నాలుగు టైములు చూపిస్తూ ఆగిపోయాయి.

ఆమె ఇటు ఇచ్చేసే కుప్పలో పడేస్తే, ఆయన అటు వెనకాలే వచ్చి తీసుకెళ్ళే కుప్పలోకి జరిపేవాడు. చూపు మసకే గానీ, చెక్కముక్క ఎక్కడున్నా ఆయన చేతికి తెలిసిపోయేది.

"ఈ జానెడు ముక్క ఏం చేసుకుంటారు?"

"ఎప్పటికైనా పనికొస్తుంది."

"ఎప్పటికి?"

"అది ముందే తెలిస్తే దాచుకోవడం దేనికి?"

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె ముక్కలన్నీ మూటగట్టి కింద పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. ఆయన వచ్చి చూసుకుని, ఆమె దాచుకున్న పాత టెలిఫోన్ డైరెక్టరీలు ఏడూ తీసుకెళ్ళి అదే బండి మీద పెట్టి వచ్చాడు. ఇద్దరికీ చెల్లుకు చెల్లయింది. ఆ పూట టీ తాగుతూ ఇద్దరూ నవ్వుకున్నారు.

అసలు చిక్కు పడగ్గదిలో ఉంది.

అక్కడ ఒక గోడ నిండా మూడు తలుపుల టేకు బీరువా ఉంది. వాళ్ళు ఆ ఇంట్లో కాపురం పెట్టిన కొత్తలో పెద్దమేస్త్రీ, ఆయన తమ్ముడు చిన్నమేస్త్రీ కలిసి ఆ గదిలోనే కూర్చుని చేశారు. ఒక్క మేకు వాడలేదు. పలకకు పలక అతుకు, అతుకుకు చెక్క చీల. సామాన్లు మోసే మేస్త్రి వచ్చి, టేపు పెట్టి కొలిచి, గుమ్మం వైపు చూసి, మళ్ళీ కొలిచి పెదవి విరిచాడు.

"ఇది ఈ గుమ్మంలోంచి బయటికి రాదమ్మా. లోపలికెలా వచ్చిందో నాకు తెలీడం లేదు."

"రాలేదు బాబూ. ఇక్కడే పుట్టింది."

"అయితే రంపం పెట్టి మధ్యకు కోసెయ్యాల్సిందే. లేదా వదిలేసి వెళ్ళండి."

పెద్దమేస్త్రి లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. సామాన్ల మేస్త్రి వెళ్ళాక ఆమె భర్త దగ్గరికెళ్ళి నిలబడింది.

"అతుకులేగా, విప్పలేరా?"

"విప్పొచ్చు. తాళం చీల ఒకటుంటుంది. అది ఊడితే మిగతావన్నీ వాటంతటవే వదులవుతాయి." ఆయన కాసేపు వీధి వైపు చూశాడు. "అది ఎక్కడుందో వాడికే తెలుసు."

తమ్ముడు అప్పట్లో వెదురుబద్దలా సన్నగా ఉండేవాడు. చివరి రోజు బీరువా లోపల దూరి, చీల కొట్టి, దాని మీద అదే రంగు చెక్కముక్కతో మూసేసి, సొరుగు సందులోంచి పాకుతూ బయటికొచ్చాడు. ఎక్కడ కొట్టావురా అంటే "నువ్వే కనిపెట్టన్నయ్యా, పెద్దమేస్త్రివి కదా" అని నవ్వాడు. మళ్ళీ అడిగితే తన పెద్దరికానికి చిన్నతనమని అన్న అడగలేదు. బీరువా ఎక్కడికీ కదిలేది కాదు గనక ఆ అవసరమూ రాలేదు.

ఇప్పుడు అవసరం వచ్చేసరికి ఆ అన్నదమ్ములకు మాటల్లేక పదకొండేళ్ళు.

గొడవకు కారణం ప్లైవుడ్డు. షాపులోకి యంత్రం తెద్దామని, జనం అడిగే రెడీమేడ్ సామాను చేద్దామని తమ్ముడు. అట్టముక్కలు అతికించుకు బతకాల్సిన ఖర్మ నాకు లేదని అన్న. పనివాళ్ళ ముందు మాటామాటా పెరిగింది. "నీ చేతగానితనానికి నాణ్యత అని పేరు పెట్టుకున్నావు" అని తమ్ముడు నోరు జారాడు. సర్దిచెప్పబోయిన ఆమెను కూడా "నీకేం తెలుసు వదినా, ఆయన ఏమంటే దానికి తలూపడమేగా నీ పని" అన్నాడు. పదహారేళ్ళ వయసు నుంచీ ఆమె చేతి అన్నం తిని పెరిగినవాడు. ఆ రోజు వెళ్ళిపోయి ఒక ఫర్నిచర్ ఫ్యాక్టరీలో చేరాడు.

మర్నాటి నుంచి పెద్దమేస్త్రి బీరువాలో తలపెట్టి పలకలన్నీ వేలి కణుపుతో కొట్టి చూడడం మొదలుపెట్టాడు. ఆయన కొట్టడానికి వీలుగా ఆమె లోపలి సామానంతా తీసి మంచం మీద పోసింది. అట్టడుగు అరలో పాత చేతిసంచులు అయిదారు బయటపడ్డాయి. ఉద్యోగానికి పట్టుకెళ్ళి, పట్టీ తెగితే పక్కన పెట్టినవి. ఇచ్చేసే ముందు లోపల ఏమైనా ఉందేమో చూద్దామని ఒక్కొక్కటే తిరగేసి దులిపింది. బస్సు టికెట్లు, తలనొప్పి మాత్రలు, విరిగిన పెన్ను. నాలుగో సంచిలోంచి మడత పెట్టిన చిన్న కాగితం రాలింది.

విప్పి చూసింది. తన చేతిరాతే.

"చిన్నమేస్త్రి. మంగళవారం, పదకొండున్నర. అన్నయ్యతో మాట్లాడాలట. శనివారం సాయంత్రం షాపు ఎదురుగా టీ కొట్టు దగ్గర ఉంటాడట. అన్నయ్య పిలిస్తే లోపలికొస్తాడట."

దాని మీద టిక్కు లేదు.

ఆమె మంచం అంచున కూర్చుండిపోయింది. మరిచిపోయిందనడానికి లేదు. ఎప్పుడూ మరిచిపోలేదు. కాగితం ఎక్కడుందో మాత్రమే మరిచింది. గొడవైన మూడు నెలలకు అతను ఇంటికి కాకుండా ఆసుపత్రికి ఫోన్ చేశాడు, అన్న ఎత్తితే పెట్టేస్తాడన్న భయంతో. ఆమె మామూలుగానే రాసుకుంది, "చెబుతాలే" అంది. ఇంటికి బయల్దేరుతుంటే ఆ తలూపడం మాట గుర్తొచ్చింది. నాలుగు రోజులు ఆగనీ, మాట ఎంత లోతుగా దిగుతుందో వాడికీ తెలియనీ అనుకుంది. శనివారం రానూ వచ్చింది, పోనూ పోయింది. ఆదివారం చెప్పాలనుకుంది. ఇప్పుడు చెబితే నిన్ననే ఎందుకు చెప్పలేదంటారు కదా అని సోమవారానికి వాయిదా వేసింది. అలా వాయిదా వేస్తూ వేస్తూ ఏళ్ళు గడిచిపోయాయి.

పక్కనే బీరువాలోంచి టక్ టక్ మని చప్పుడు వస్తోంది. పెద్దమేస్త్రి ఒక్కో పలకా కొట్టి, చెవి ఆనించి వింటున్నాడు.

ఆ పూట చెప్పలేకపోయింది. మర్నాడు పొద్దున టీ గ్లాసు ఆయన చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని, కాగితం చదివి వినిపించింది. తను ఎందుకు దాచిందో కూడా దాచకుండా చెప్పింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఆయన తనను ఓదార్చాల్సి వస్తుందని, అది ఇంకా అన్యాయమని, గొంతు తడబడకుండా చెప్పింది.

ఆయన టీ పూర్తిగా తాగాడు. గ్లాసు కింద పెట్టి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. పెట్టింది తిన్నాడు. మళ్ళీ బీరువాలో తలపెట్టాడు. రెండు రోజులు ఆ ఇంట్లో ఆ టక్ టక్ తప్ప మాట లేదు. కేకలు వేసినా బాగుండుననిపించింది ఆమెకు. కుప్పల దగ్గర కూర్చుని ఏది చేతికొస్తే అది ఇచ్చేసే వైపు పడేసింది. ఆ రెండు రోజుల్లో అయినంత పని అంతకు ముందు పదిహేను రోజుల్లో కాలేదు.

మూడో రోజు ఆయన గుమ్మంలో నిలబడి అడిగాడు.

"వాడి నంబరు ఉందా?"

ఆమె చూసుకోకుండానే అంకెలన్నీ అప్పజెప్పింది.

"నువ్వే చెయ్యి. నాకు మొదటిమాట ఏమనాలో తెలీదు."

ఫ్యాక్టరీలో యంత్రాల హోరు మధ్య అతను ఫోన్ ఎత్తాడు. ఆమె "హలో" అంది. అంతే. అవతల హోరు దూరమైంది. నడుచుకుంటూ బయటికి వచ్చినట్టున్నాడు.

"వదినా. అన్నయ్యకి బాగానే ఉందా?"

"బాగానే ఉన్నారు. మేం ఇల్లు మారుతున్నాం. బీరువా గుమ్మంలో పట్టడం లేదు."

అవతల చిన్నగా నవ్వు.

"ఇన్నేళ్ళయినా ఆ చీల దొరకలేదా ఆయనకి?"

"దొరకలేదు. ముందు నువ్వు ఇంకో సంగతి వినాలి. విన్నాక రావాలనిపిస్తేనే రా" అని, ఆయనకు చెప్పినట్టే అతనికీ మొత్తం చెప్పింది.

"నేను ఎనిమిదింటిదాకా కూర్చున్నాను వదినా. అన్నయ్య తాళం వేసి, నా వైపు చూసి కూడా తలతిప్పుకుని పోయాడు. వద్దన్నాడనుకున్నాను" అన్నాడు. మళ్ళీ తనే, "ఇంకోసారి ఫోన్ చెయ్యకూడదని నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదులే. ఆదివారం వస్తాను" అని పెట్టేశాడు.

ఆదివారం పొద్దున్నే కూతురు కూడా వచ్చింది, అట్టపెట్టెలూ టేపులూ పట్టుకుని. పది గంటలకు తలుపు చప్పుడైతే తనే తీసి, ఎదుట ఉన్న మనిషిని గుర్తుపట్టడానికి కొంచెం సేపు తీసుకుంది. వెదురుబద్దలాంటి బాబాయి గుమ్మం నిండా ఉన్నాడు. పొట్ట ముందు, మనిషి వెనక. చేతిలో పాత పనిముట్ల సంచి.

"రా బాబాయ్" అని సంచి అందుకుంది.

పడగ్గదిలో అన్న గోడకానుకుని నిలబడి ఉన్నాడు. తమ్ముడు నమస్కారం పెట్టబోయి, చేతుల్ని ఏం చేయాలో తెలియక బీరువా తలుపు మీద వేశాడు. అరచేత్తో పైనుంచి కిందికి నిమిరాడు.

"బాగా ఉంచావన్నయ్యా."

"అది ఉంది. నేనేం ఉంచాను" అన్నాడు అన్న. పదకొండేళ్ళ తర్వాత మొదటి మాటలు అవి.

చీల ఉన్నది నడిమి అర అడుగున, సొరుగుకు కప్పులా ఉన్న పలక కింది భాగంలో. అక్కడికి చెయ్యి పోవాలంటే మనిషి కింది సొరుగు సందులోంచి లోపలికి పోయి వెల్లకిలా పడుకోవాలి. తమ్ముడు సొరుగు తీసి సందు చూశాడు. తన పొట్ట చూసుకున్నాడు.

"వదినా, ఇది నావల్ల కాదు. నువ్వు పెట్టిన తిండి కాదులే ఇది, నీ తోడికోడలి చలవ."

అందరూ పెద్దమేస్త్రి వైపు చూశారు. వయసు పైబడ్డాక ఆయన ఎండి సన్నబడ్డాడు. చొక్కా విప్పి కూతురి చేతికిచ్చి, కింద కూర్చుని, ముందు తలా తర్వాత భుజాలూ దూర్చి, తను చేసిన బీరువాలోకి తనే పాకుతూ వెళ్ళిపోయాడు. బయట పాదాలు మాత్రం మిగిలాయి. లోపల చీకటి. అయినా ఆయన ఇప్పుడు వేళ్ళతోనే చూస్తున్నాడు గనక చీకటీ వెలుతురూ ఒకటే.

తమ్ముడు నేల మీద చతికిలబడి సందు దగ్గర నోరు పెట్టాడు.

"ఎడం చేతి వైపు. మూల నుంచి నాలుగు వేళ్ళు."

"నునుపుగా ఉంది."

"ఇంకో వేలు లోపలికి. చెక్క పోగు అక్కడ అడ్డం తిరుగుతుంది చూడు."

లోపల గోకుతున్న చప్పుడు. తర్వాత ఆగింది.

"ఇదా?"

"అదే. ఉలి ఇస్తున్నా, పట్టుకో. నెమ్మదిగా."

కొయ్యసుత్తి దెబ్బలు రెండు వినపడ్డాయి. ఆ తర్వాత బీరువా లోపలి నుంచి అన్న గొంతు, గదిలో ఉన్నవాళ్ళకు ఎక్కడి నుంచో వస్తున్నట్టు, తాపీగా వచ్చింది.

"ఆ శనివారం నువ్వు అక్కడున్నట్టు నాకు తెలీదురా."

"నా వైపు చూశావు కదన్నయ్యా."

"అటు తిరిగి ఉంటాను. వీధి అవతల మనిషి ఆనేవాడు కాదు అప్పటికే. ఎవరికీ చెప్పలేదు. గీత తప్పుతోందని నాకే తెలుసు. నువ్వు యంత్రం అన్నప్పుడు అందుకే అంత మండింది. యంత్రానికి కళ్ళక్కర్లేదు కదా అనిపించింది."

అన్న పాదం ఒకటి మోకాలికి తగులుతుంటే తమ్ముడు జరపకుండా అలాగే కూర్చున్నాడు. ఆపరేటరమ్మ కూతురి చేతిలోని చొక్కా తీసుకుని, అక్కర్లేకపోయినా మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

"కబురు నాకు అందినా ఆ రోజు నిన్ను లోపలికి పిలిచేవాణ్ణో లేదో" అన్నాడు లోపలి మనిషి. "అదీ చెప్పలేను. మీ వదిన మీద మాత్రమే వేసి నేను తప్పించుకోలేను."

ఇంకో దెబ్బ పడింది. లోపల ఏదో కిర్రుమంది. సొరుగు పైనున్న పలక వెంట్రుకవాసి లేచింది.

"బయటికి రా, మీద పడుతుంది" అని తమ్ముడు అన్న కాళ్ళు పట్టుకుని గబుక్కున లాగాడు. ఆయన ఒళ్ళంతా చెక్కదుమ్ముతో, బొటనవేలంత చీల గుప్పిట్లో పట్టుకుని బయటపడ్డాడు. కూర్చుని దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ తడిమాడు.

"చిత్రిక సరిగ్గా పట్టలేదురా, ఒకవైపు లావుంది."

"అందుకే ఇన్నేళ్ళు ఊడలేదు" అన్నాడు తమ్ముడు.

మధ్యాహ్నానికి బీరువా పలకలు పలకలుగా గోడకు ఆని నిలబడింది. ఒక్కో పలకకూ తమ్ముడు సుద్దతో అంకె వేశాడు. ఆపరేటరమ్మ వంట చేసింది, గిన్నెలన్నీ పెట్టెల్లోకి పోగా మిగిలిన ఒకే గిన్నెలో. నలుగురూ నేల మీద కూర్చుని తిన్నారు. తమ్ముడు రెండోసారి వడ్డించుకుంటూ, తల ఎత్తకుండా, "ఆ తలూపడం మాట నేను అనాల్సింది కాదు వదినా" అన్నాడు. "అవును, అనాల్సింది కాదు" అంది ఆమె, అతని కంచంలో ఇంకాస్త వేస్తూ.

కొత్త ఇంట్లో గోడ చిన్నది. మూడు తలుపుల బీరువా అక్కడ రెండు తలుపులదైంది. మిగిలిన తలుపు, పలకలు తమ్ముడి ఇంటికి వెళ్ళాయి. ఇచ్చేసే కుప్ప మూడు ట్రిప్పుల్లో ఖాళీ అయింది. తేల్చుకోలేని కుప్పలోంచి ఆమె అట్టముక్కల ఇంటిని మాత్రం కూతురికిచ్చి, మిగతాది కళ్ళు మూసుకుని వదిలేసింది. రెండు నెలలైనా అందులో ఏముందో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

పెద్దమేస్త్రిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది తమ్ముడే. అడగలేదు, బతిమాలలేదు. ఒకరోజు ఆటో తెచ్చి గుమ్మంలో పెట్టి "చొక్కా వేసుకో" అన్నాడు. ఆయన వేసుకున్నాడు. ముందు ఒక కంటికి, నెల తర్వాత రెండోదానికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన వారానికి ఫ్యాక్టరీ చూడాలన్నాడు. ఆపరేటరమ్మ కూడా వెళ్ళింది.

తమ్ముడు చేయించిన అలమర ఒకటి చూపించాడు. అన్న వంగి, అతుకులో గోరు పెట్టి చూశాడు. గోరు దిగలేదు. వెనక్కి వెళ్ళి చూశాడు, తలుపు తెరిచి మూసి చూశాడు. పనివాళ్ళు పని ఆపి నిలబడ్డారు.

"అతుకు బాగుంది. చెక్కే బాగాలేదు" అన్నాడు చివరికి.

తమ్ముడు వదిన వైపు చూసి నవ్వాపుకున్నాడు. తర్వాత యంత్రం దగ్గరికి తీసుకెళ్ళి మీట నొక్కాడు. పలక ఒక పక్క నుంచి లోపలికి వెళ్ళి, వెంట్రుకంత తేడా లేకుండా రెండుగా చీలి ఇవతలికి వచ్చింది. పెద్దమేస్త్రి చీలిన అంచును కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు. జేబులోంచి కొత్త కళ్ళద్దాలు తీసి పెట్టుకుని మళ్ళీ చూశాడు.

"ఇంకోసారి నడుపు" అన్నాడు.